యూఎస్‌బీ మైకా, స్టూడియో మైకా? చెన్నైలో ఇంటి నుంచి గొంతు రికార్డు చేసేవారికి

తెలుగు కథలు చదివి వినిపించాలని, పిల్లలకు పద్యాలు నేర్పే ఆడియోలు చేయాలని, వడపళని వైపు డబ్బింగ్ స్టూడియోలకు గొంతు నమూనా పంపాలని అనుకునే తెలుగువారు చెన్నైలో ఎప్పుడూ ఉంటారు. అందరూ ముందు అడిగేది ఏ మైకు కొనాలనే. ఈ వ్యాసంలో దానికి జవాబు నాలుగో అడుగులో వస్తుంది. మొదటి మూడింటికి పైసా ఖర్చు లేదు. తొందరపడి నేరుగా నాలుగో అడుగుకు వెళ్లినవారు, నా అనుభవంలో, ఆరు నెలల్లో రెండో మైకు కొంటారు.

మొదటి అడుగు: గదిని వినండి

ఫోనులోని రికార్డర్ తెరవండి. మీరు రికార్డు చేయాలనుకుంటున్న గదిలో, సరిగ్గా ఆ సమయంలోనే, ఒక నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శబ్దం బాగా పెంచి వినండి. ఫ్యాను, ఫ్రిజ్, పై వాటాలో కుర్చీ లాగిన చప్పుడు, వీధిలో హారన్లు, కాకులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. రోజూ అక్కడే ఉండటం వల్ల మీ చెవి వాటిని పట్టించుకోవడం మానేసింది. మైకుకు ఆ అలవాటు లేదు.

ఇప్పుడు గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరచండి. ఆ చప్పుడు వెనకే ఖంగుమని ఒక తోక వినిపిస్తే అది గోడల మధ్య బంతిలా తిరుగుతున్న ప్రతిధ్వని. టైల్స్ నేల, ఖాళీ గోడలు, ఇనుప గ్రిల్లు కిటికీలు ఉన్న హాలులో అది తప్పదు. అదే పరీక్షను పడకగదిలో, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, పరుపు పక్కన నిలబడి చేయండి. దూది పరుపు, మడతపెట్టిన చీరలు, మందపాటి దుప్పట్లు ప్రతిధ్వనిని చాలావరకు తాగేస్తాయి. రికార్డింగుకు చాలా ఇళ్లలో ఇంతకంటే మంచి చోటు దొరకదు. గోడకు అంటించే పల్చటి స్పాంజి పలకల మీద డబ్బు పెట్టకండి. అవి సన్నటి కీచు శబ్దాలను మాత్రమే పీల్చుకుని గొంతును మూసుకుపోయినట్టు చేస్తాయి. వీధి రొదనైతే అవి ఆపనే ఆపవు.

సమయం కూడా ఎంచుకోవాలి. కోడంబాక్కం, మాంబళం పట్టాల పక్కన ఉన్నవారికి లోకల్ రైళ్లు ఆగాకే నిశ్శబ్దం. పల్లావరం, మీనంబాక్కం వైపువారికి విమానాలు. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా, తెల్లవారుజామును నమ్ముకోకండి, గుడి మైకులు మీకంటే ముందే లేస్తాయి. ఇక ఏసీ, ఫ్యాను సంగతి. చెన్నై ఎండలో రెండూ ఆపి గంటసేపు చదవడం ఎవరివల్లా కాదు. అరగంట ముందు ఏసీ వేసి గదిని చల్లబరచండి. ఆపి, పదిహేను ఇరవై నిమిషాలు చదవండి. మళ్లీ వేయండి. కథను ఆ లెక్కకు సరిపడే ముక్కలుగా ముందే విభజించుకుంటే ఊపిరి కూడా నిలుస్తుంది.

రెండో అడుగు: తేడా ఎక్కడుందో తెలుసుకోండి

స్టూడియో మైకు, అంటే అనలాగ్ మైకు, అనగానే పాతకాలపుదని, యూఎస్‌బీ అనగానే కొత్తదని ఒక అపోహ ఉంది. ఏ మైకైనా గొంతును మొదట పట్టుకునేది అనలాగ్ విద్యుత్ సంకేతంగానే. కంప్యూటర్‌కు చేరేలోగా అది అంకెలుగా మారక తప్పదు. ఆ మార్పు ఎక్కడ జరుగుతుందన్నదే తేడా.

యూఎస్‌బీ మైకులో శబ్దాన్ని పట్టే క్యాప్సూల్, ఆ బలహీన సంకేతాన్ని పెంచే ప్రీయాంప్, దాన్ని అంకెలుగా మార్చే చిప్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. వాటన్నిటికీ కరెంటు కంప్యూటర్ పోర్టు ఇచ్చే 5 వోల్టుల నుంచే రావాలి. స్టూడియోల్లో వాడే అనలాగ్ మైకులో క్యాప్సూల్, అవసరమైతే కొద్దిపాటి సర్క్యూట్ మాత్రమే ఉంటాయి. మిగతా పని బయట ఉండే ఆడియో ఇంటర్‌ఫేస్ చేస్తుంది. రెండింటినీ కలిపేది మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్. అందులో ఒక పిన్ను కవచానికి, మిగతా రెండు సంకేతానికి. దారిలో చేరే విద్యుత్ రొద ఆ రెండు తీగల్లోనూ ఒకేలా చేరుతుంది, గొంతు సంకేతం మాత్రం రెండింటిలో ఒకేలా ఉండదు. ఇంటర్‌ఫేస్ ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేసేటప్పుడు రొద పోయి గొంతు మిగులుతుంది. అందుకే కచేరీ వేదికల మీద ముప్ఫై మీటర్ల మైకు కేబుల్ నిశ్చింతగా లాగుతారు. యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు హద్దు 5 మీటర్లు.

మరి నాణ్యత? ప్రతి మైకూ తనంతట తాను కొంచెం "స్స్" అనే రొద పుట్టిస్తుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020లో అది 20 డెసిబెల్స్, రోడ్ ఎన్‌టీ1లో సుమారు 4. కాగితం మీద పెద్ద తేడానే. కానీ నగరంలో నిశ్శబ్దమైన పడకగదిలో కూడా రాత్రిపూట 30 డెసిబెల్స్ దాకా శబ్దం ఉంటుంది. ఆ ముప్ఫై కింద నాలుగూ ఒకటే, ఇరవయ్యీ దాదాపు ఒకటే. ఖరీదైన మైకు గొప్పతనంలో కొంత భాగం మీ గదిలో వినపడనే వినపడదు. దాన్ని వినాలంటే ముందు గది మారాలి. మొదటి అడుగు మీద అంతసేపు నిలబడింది అందుకే.

మూడో అడుగు: కండెన్సర్, డైనమిక్ గొడవను వేరుచేయండి

చాలామంది యూఎస్‌బీ అంటే కండెన్సర్ అని, ఎక్స్‌ఎల్‌ఆర్ అంటే డైనమిక్ అని కలిపేస్తారు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండు రకాలూ రెండు కనెక్షన్లలోనూ దొరుకుతాయి.

డైనమిక్ మైకులో పొర వెనక చిన్న తీగచుట్ట అయస్కాంతంలో కదులుతుంది. దెబ్బలకు, తేమకు తట్టుకుంటుంది. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎమ్58 ఈ జాతిదే, ఇప్పటికీ వేదికల మీద అదే. కండెన్సర్‌లో పల్చటి పొర, దాని వెనక పలక, మధ్యలో వెంట్రుకంత ఖాళీ. అది సున్నితమైనది, ప్రతి అక్షరం అంచునూ పట్టుకుంటుంది. పక్కింటి కుక్కర్ విజిల్‌ను కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. నోటికి దగ్గరగా పెట్టి మాట్లాడే డైనమిక్ మైకు గదిని తక్కువగా వింటుంది. మొదటి అడుగులో మీ గది పరీక్ష తప్పిందా? అయితే డైనమిక్ వైపు వెళ్లండి, కనెక్షన్ ఏదైనా సరే.

నాలుగో అడుగు: ఎంచుకోండి

ఒక్క గొంతు, ఒక్క లాప్‌టాప్, కథలో పాఠాలో చదవడం మాత్రమే మీ పని అయితే యూఎస్‌బీ మైకు చాలు. అది తక్కువ రకమని ఎవరైనా అంటే వినకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే రంధ్రం మైకు మీదే ఉన్నదాన్ని మాత్రం చూసుకోండి. కంప్యూటర్ గుండా తిరిగివచ్చే మీ గొంతు కాస్త ఆలస్యంగా వినిపించి నాలుక తడబడుతుంది. మైకులోనే నేరుగా వింటే ఆ బాధ ఉండదు.

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే కార్యక్రమం అయితే కథ మారుతుంది. రెండు యూఎస్‌బీ మైకులు కొని ఒకే కంప్యూటర్‌కు పెడితే సరిపోతుందని అనిపిస్తుంది. అవి విడివిడి పరికరాలు, ఒక్కోదానిలో ఒక్కో గడియారం. రెండూ సెకనుకు 48,000 నమూనాలే తీస్తున్నామనుకుంటాయి గానీ ఆ రెండు గడియారాలు పూర్తిగా కలవవు. పది లక్షలకు యాభై వంతుల తేడా ఉన్నా గంటలో 0.18 సెకన్లు జారుతుంది, అంటే సంభాషణ చివరికి వచ్చేసరికి ఒకరి నవ్వు మరొకరి మాట మీద పడుతుంది. పైగా విండోస్‌లో చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకసారి ఒక్క పరికరాన్నే తీసుకుంటాయి. రెండు ఇన్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు అక్కడ సరైన దారి. వీణ, మృదంగం రికార్డు చేసేవారికి కూడా ఇదే. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు పెట్టాలనిపించే రోజు తప్పకుండా వస్తుంది.

ఏదీ తేల్చుకోలేకపోతున్నారా? యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండు రంధ్రాలూ ఉన్న డైనమిక్ మైకులు ఉన్నాయి. శామ్సన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్, కాస్త పై మెట్టులో షూర్ ఎమ్‌వీ7. మొదటి మైకుగా నేను చెప్పేది ఈ జాతినే. ఈరోజు యూఎస్‌బీతో మొదలుపెట్టి, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నప్పుడు అదే మైకును ఎక్స్‌ఎల్‌ఆర్ మీద వాడుకోవచ్చు.

యూట్యూబులో అందరి ముందూ కనిపించే షూర్ ఎస్‌ఎమ్7బీ మీద మనసు పడినవారికి ఒక హెచ్చరిక. దాని సంకేతం చాలా బలహీనం, మామూలు మాటకు సుమారు 60 డెసిబెల్స్ గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే మోతాదు, కావాలి. చవక ఇంటర్‌ఫేస్‌ను చివరిదాకా తిప్పితే గొంతుతోపాటు రొద కూడా పైకి వస్తుంది. ఇంటర్‌ఫేస్ వివరాల పత్రంలో గెయిన్ ఎంతుందో చూడకుండా ఆ మైకు కొనకండి.

అసలు లెక్కలో మైకు ధర ఒక్కటే వేసుకోవద్దు. ఎక్స్‌ఎల్‌ఆర్ దారిలో ఇంటర్‌ఫేస్, కేబుల్, స్టాండు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, నోటి గాలిని అడ్డుకునే తెర పాప్ ఫిల్టర్ కలుస్తాయి. యూఎస్‌బీ దారిలో చివరి మూడే. బదులుగా ఎక్స్‌ఎల్‌ఆర్‌కు ఆయువు ఎక్కువ. యూఎస్‌బీ రంధ్రం వదులైతే చాలాసార్లు మైకు మొత్తం మూలపడుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ తెగితే కనెక్టర్ విప్పి మళ్లీ టంకం వేయిస్తారు, అంతే.

ఐదో అడుగు: దుకాణంలో

మౌంట్ రోడ్డు నుంచి చింతాద్రిపేట వైపు తిరిగితే రిచ్చీ స్ట్రీట్. కేబుళ్లకు, కనెక్టర్లకు, స్టాండ్లకు ఆ సందు హాయి. మైకు మాత్రం కంపెనీ అధీకృత విక్రేత దగ్గర, వారంటీ కార్డు, బిల్లుతో కొనండి. ఎస్‌ఎమ్58కు నకిలీలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి, తెలిసినవారు కూడా పైకి చూసి పోల్చలేనంత బాగా చేస్తారు.

మరొకటి గుర్తుంచుకోండి. పెట్టె మీద స్టూడియో కండెన్సర్ అని పెద్ద అక్షరాలు, మైకు తోక దగ్గర మూడు పిన్నులు, కానీ పెట్టెలో ఇచ్చిన కేబుల్ రెండో చివర ఫోనుకు పెట్టే సన్నటి జాక్. అది కనిపిస్తే పెట్టె మూసి తిరిగి ఇచ్చేయండి. నిజమైన స్టూడియో కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్ నుంచి మైకు కేబుల్ గుండానే వచ్చే కరెంటు, కావాలి, ఆ జాక్ గుండా కొద్ది వోల్టులకు మించి రావు.

ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కొనేటప్పుడు కనెక్టర్ తొడుగు విప్పి చూపించమనండి. టంకం మెరుస్తూ, తీగలు ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. విప్పడానికి వీల్లేకుండా అచ్చుపోసిన కనెక్టర్ అయితే రేపు బాగుచేయడం కూడా కుదరదు.

ఆరో అడుగు: కలపండి, గెయిన్ పెట్టండి

యూఎస్‌బీ మైకును హబ్‌కు కాకుండా నేరుగా లాప్‌టాప్‌కు పెట్టండి. సౌండ్ సెట్టింగుల్లో దాన్నే ఇన్‌పుట్‌గా ఎంచుకుని, రొద తగ్గించేవి, శబ్దాన్ని తమంతట తామే సర్దేవి ఉంటే ఆపేయండి. వీడియో కాల్స్‌కు అవి మేలు, కథ చదివేటప్పుడు పదాల చివర్లు తినేస్తాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ కండెన్సర్ అయితే వరుస ముఖ్యం: గెయిన్ సున్నాకు తిప్పండి, కేబుల్ పెట్టండి, తర్వాతే 48 వోల్టుల మీట నొక్కండి. తీసేటప్పుడు తలకిందుల వరుస.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవాల్సినవి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, వేవ్ ఫైలు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, గొంతు పనికి సరిపోతుంది. ఎంపీ3గా మార్చడం చివరి పని.

గెయిన్ పెట్టేటప్పుడు "హలో, మైక్ టెస్టింగ్" అనకండి. మీ కథలో అందరికంటే గట్టిగా అరిచే పాత్ర మాటలు చదవండి. సాఫ్ట్‌వేర్ మీటరులో శబ్దం ఎక్కే శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. సున్నాను తాకితే పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. రికార్డయ్యాక కొలబద్ద కావాలంటే అమెజాన్ ఆడియోబుక్ వేదిక ఏసీఎక్స్ అడిగే అంకెలు వాడుకోండి, మీ పుస్తకం అక్కడ పెట్టకపోయినా సరే: సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 మధ్య, శిఖరం మైనస్ 3 దాటకుండా, మాటలు లేనిచోట రొద మైనస్ 60 కంటే కింద. నిశ్శబ్దపు నిమిషాన్ని కొత్త మైకుతో మళ్లీ రికార్డు చేసి ఈ చివరి అంకెతో పోల్చండి.

ఏడో అడుగు: నోరు ఎక్కడ, మైకు ఎక్కడ

కండెన్సర్‌కు జానెడు దూరం, డైనమిక్‌కు బెత్తెడు. ఇది మొదలు మాత్రమే, మీ గొంతును బట్టి సర్దుకోండి. దూరం రెట్టింపైతే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం తగ్గదు. దగ్గరికి జరిగేకొద్దీ ముందు వైపు నుంచే ఎక్కువగా వినే కార్డియాయిడ్ మైకుల్లో గొంతుకు మంద్రమైన బరువు చేరుతుంది. రేడియో గొంతు మోజులో పడి మరీ దగ్గరికి వెళ్తే మాట స్పష్టత పోతుంది.

మైకు ముఖం ఎటో చూసుకోండి. బ్లూ యెటి వంటి వాటిలో పైకొన వైపు మాట్లాడేవారు ఎందరో, దాని ముఖం పక్కన ఉంటుంది. కార్డియాయిడ్ మైకు వీపు దాదాపు చెవిటిది. ఆ వీపును కిటికీ వైపో లాప్‌టాప్ ఫ్యాను వైపో తిప్పండి.

తెలుగులో ఇబ్బంది పెట్టేవి పవర్గం, ఒత్తులు. ప, ఫ, బ, భ పలికినప్పుడు గాలి నేరుగా పొరను కొట్టి "ధప్" మంటుంది. పాప్ ఫిల్టర్ సగం ఆపుతుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, పెదవి మూల వైపు పెడితే మిగతా సగం పోతుంది. పరీక్షకు చిన్నప్పుడు నేర్చుకున్న వాక్యమే వాడండి: "లక్ష భక్ష్యములు భక్షించు లక్ష్మయ్యకు ఒక భక్ష్యము లక్ష్యమా?" అది శుభ్రంగా రికార్డయితే ఏ కథైనా అవుతుంది. స, శ, ష మరీ చెవిలో గుచ్చుకుంటుంటే మైకును నోటి మట్టానికి రెండు వేళ్లు పైకి జరపండి.

ఎనిమిదో అడుగు: గుయ్‌మంటే

సన్నగా, ఆగకుండా గుయ్‌మనే రొద వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. పోయిందంటే దోషి దొరికింది. ఇంటర్‌ఫేస్‌నూ లాప్‌టాప్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఆ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, పాత అద్దె ఇళ్లలో మూడో రంధ్రం ఊరికే అలంకారంగా ఉండటం మామూలే. రొద పోతుందని ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవారి మాట మాత్రం వినవద్దు. అది ప్రాణాల మీదికి వస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు రికార్డింగ్ ఆపడమే నయం.

తొమ్మిదో అడుగు: మెరుగుదల కావాలనిపిస్తే

కొద్ది నెలలకు పెద్ద మైకు మీద మనసు లాగుతుంది. కొనకముందు సాలిగ్రామంలోనో వడపళనిలోనో ఒక చిన్న స్టూడియోను గంట అద్దెకు తీసుకోండి, మీ మైకు, లాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. అక్కడి పెద్ద మైకు పక్కనే మీదీ పెట్టించి ఒకే పేరా రెండింటిలో చదవండి. 1967 నుంచి స్టూడియోలకు ప్రమాణంగా నిలిచిన నాయ్‌మాన్ యూ87 అక్కడ ఉంటే ఇంకా మంచిది. ఇంటికి వచ్చాక అదే పేరా మీ మైకుతో మీ గదిలో చదవండి. మూడు ఫైళ్లనూ ఒకే శబ్ద స్థాయికి తెచ్చి, పేర్లు మార్చి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా వినిపించండి. స్టూడియోలో తీసిన రెండింటి మధ్య తేడా కంటే మీ మైకు స్టూడియోలో, ఇంట్లో పలికిన తీరులో తేడా ఎక్కువగా ఉంటే డబ్బు ఎటు పెట్టాలో తెలిసినట్టే. పెద్ద మైకే స్పష్టంగా గెలిస్తే నిశ్చింతగా కొనుక్కోండి.

పదో అడుగు: తేమ నుంచి కాపాడండి

చెన్నైలో కండెన్సర్ కొనేవారికి దుకాణంలో సాధారణంగా చెప్పని సంగతి ఇది. పొర వెనక ఉండే ఆ సన్నటి ఖాళీలో తేమ చేరితే విద్యుదావేశం కారిపోతుంది, రికార్డింగులో చిటపటలు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మరీ ఎక్కువ. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఉప్పుగాలికి జాలీ కూడా తుప్పు పడుతుంది.

పని అయ్యాక మైకును స్టాండు మీదే వదిలేయకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. ఏసీ గదిలో చల్లబడిన మైకును తలుపు తీసిన వెంటనే బయటికి తీసుకురావద్దు, దాని మీద నీటి ఆవిరి పడుతుంది. చిటపటలు మొదలైతే దాన్ని విప్పకండి, ఎండలో పెట్టకండి. ఒకటి రెండు రోజులు తాజా సిలికా జెల్‌తో డబ్బాలో ఉంచి మళ్లీ చూడండి, తరచుగా దానంతట అదే సర్దుకుంటుంది. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వాటిని సన్నటి వేడి మీద ఆరబెట్టి, చల్లారాక తిరిగి డబ్బాలో వేయండి.